టీచరమ్మగారి ఫీజు

ప్రసన్నకుమార్ తడిగుడ్డతో నల్లబల్ల తుడుస్తున్నాడు. నిన్న సాయంత్రం తుడిచిన బల్లే అది. ఆ తర్వాత దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు. అయినా పై మూల నుంచి మొదలుపెట్టి, అంచుల్లో ఇరుక్కున్న సుద్దపొడి కూడా పోయేదాకా తుడిచి, గుడ్డని పిండి వరండా కటకటాల మీద ఆరేశాడు. లోపలి గదిలో పిల్లలు గొల్లున నవ్వారు. బడులు తెరిచి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే ఆ గది నిండిపోయి ఇద్దరు పిల్లలు వంటింటి గడప మీద కూర్చున్నారు.

"చదువు చెప్పే చోట అంత నవ్వేముంటుందో," అని అందరికీ వినపడేలాగే గొణుక్కున్నాడు.

లోపల చదువు చెబుతున్నది అతని భార్య రెబ్కా. నవ్వు ఆగలేదు.

మనిషి పొడుగ్గా, సన్నగా ఉంటాడు. నెత్తి మీద జుట్టు ఎప్పుడో పోయింది కాబట్టి రంగంతా మీసానికే వేస్తాడు. ఇంట్లో ఉన్నా చొక్కా టక్ చేసుకుంటాడు, జేబులో రెండు పెన్నులు పెట్టుకుంటాడు. ఏళ్ళ తరబడి సుద్దముక్క పట్టిన కుడిచేతి వేళ్ళు చివర్లలో పగిలి, ఎంత కడిగినా తెల్లగానే ఉంటాయి. దర్శిలో ఒకప్పుడు లెక్కల సారంటే ప్రసన్నకుమారే. కాన్వెంటులో పగలంతా చెప్పి, సాయంత్రం ఈ వరండాలో రెండు బ్యాచీలు చెప్పేవాడు. బెంచీలు చాలక పిల్లలు మెట్ల మీద కూర్చుని, మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని రాసుకునేవాళ్ళు.

రెబ్కాని ఈ పనిలోకి దింపింది కూడా అతనే. పెద్ద పిల్లల వెంట తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వచ్చి అల్లరి చేస్తుంటే, వాళ్ళని లోపల కూర్చోబెట్టి ఏదో ఒకటి దిద్దించమని చెప్పాడు. ఆమె ఇంటర్ చదివింది. దిద్దించడానికి అది చాలనుకున్నాడు. దానికి ఫీజు కూడా అతనే పెట్టాడు. పదో తరగతికి నెలకి ఆరు వందలు, చిన్నవాళ్ళకి మూడు వందలు. పెద్ద చదువుకీ చిన్న చదువుకీ ఆ మాత్రం తేడా ఉండాలి కదా అన్నాడు. రెబ్కా సరేనంది.

తర్వాత కరోనా వచ్చింది, కాన్వెంటు మూతపడింది. కాస్త డబ్బున్నవాళ్ళు పెద్ద పిల్లల్ని గుంటూరు, ఒంగోలు హాస్టళ్ళలో వేశారు. మిగిలినవాళ్ళని బడులే రాత్రిదాకా స్టడీ అవర్లని కూర్చోబెట్టుకున్నాయి. వరండా మెల్లగా ఖాళీ అయింది. లోపలి గది మాత్రం ఏడాదికేడాది నిండుతూ వచ్చింది. ఇప్పుడు వరండాలో మిగిలింది ఒక్క జెస్సీ. ఈ ఏడాది పదో తరగతి. సాయంత్రం ఐదింటికి వచ్చి, బెంచీ మీద ఒక పక్కగా కూర్చుంటుంది. ఆ పిల్ల ఉన్నంతకాలం ప్రసన్నకుమార్ లెక్కల సారు. ఆ పిల్ల కూడా మానేస్తే, ట్యూషన్ చెప్పే ఆవిడ మొగుడు.

అసూయ అంటే అతను ఒప్పుకోడు. పద్ధతి అంటాడు. రెబ్కా పద్ధతి బాగాలేదంటాడు. పిల్లలు బెదరాలి, ఈమె వాళ్ళతో కథలు చెబుతుందంటాడు. హోంవర్కు పక్కన కూర్చుని చేయించడం చదువా అంటాడు. కానీ పిల్లల చెప్పులు గుట్టగా పెరిగి తన వరండా వైపు వస్తే మాత్రం, ఎవరూ చూడకుండా కాలితో అటువైపు తోసేస్తాడు. ఈ ఉదయం కూడా తోశాడు. పద్ధతికీ చెప్పులకీ ఏం సంబంధమో అతన్నే అడగాలి.

మార్చిలో చర్చిలో జరిగిందైతే గొంతులో ముల్లులా ఇంకా అలాగే ఉంది. పరీక్షల ముందు ఆదివారం పదో తరగతి పిల్లలు పెన్నులు, హాల్‌టికెట్లు పట్టుకుని ముందుకి వస్తారు. అయ్యగారు వాటి మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. లెక్కల సారుగా పక్కన నిలబడేది ఎప్పుడూ ప్రసన్నకుమారే. ఈసారి కూడా చొక్కా సర్దుకుని నడిచి వెళ్ళాడు. అయ్యగారు మైకులో, "రెబ్కమ్మగారు కూడా రావాలి, ఈ బిడ్డల్లో చాలామందికి ఓనమాలు దిద్దించింది ఆ తల్లే," అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె తల మీద కొంగు కప్పుకుని, తడబడుతూ వచ్చి అయ్యగారి కుడిపక్కన నిలబడింది. ప్రసన్నకుమార్ ఎడమపక్కకి జరిగాడు. ఆమేన్ కూడా అందరికంటే ఆలస్యంగా అన్నాడు.

ఉదయం బ్యాచి వదిలాక అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. జూన్ నెలలో ట్యూషన్ మాస్టరు ఇంట్లో కూర్చుంటే ఏడాదంతా ఇంట్లోనే కూర్చోవాలి. పిల్లలు దొరికేదీ, ఫీజు మాట్లాడుకునేదీ ఈ రెండు వారాల్లోనే.

మొదట గౌస్ బాషా జిరాక్సు షాపుకి వెళ్ళాడు. కరపత్రాలు తయారుగా ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలతో 'పదవ తరగతి గణితం: ప్రసన్నకుమార్, బి.యస్సీ., బి.ఎడ్.' అనీ, అడుగున చిన్నగా 'చిన్న పిల్లలకు కూడా చెప్పబడును' అనీ ఉంది.

గౌస్ బాషా ఒక కాగితం తీసి వెలుతురులో పెట్టి చూశాడు. "ఇదేంది సార్, అమ్మగారి పేరే లేదు. ఆ పేరు పెడితే కదా జనం చదివేది."

"చెప్పినంత పని చెయ్యి బాషా."

"నాదేముంది సార్. మా మనవరాలు ఆమె దగ్గరేగా, ఆ చనువుతో అన్నా."

ప్రసన్నకుమార్ కరపత్రాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఎండ అప్పటికే మాడు పగలగొడుతోంది. నీడ పట్టుకుని నడుస్తూ పొదిలి రోడ్డులో ఉన్న మిరపకాయల షెడ్డుకి చేరాడు. కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన కాయలకి అక్కడ తొడిమలు తీయిస్తారు. తల్లులందరూ ఒక్కచోట దొరుకుతారు. ఇల్లిల్లూ తిరిగే శ్రమ తప్పుతుందని రెండేళ్ళ కిందట ఈ ఉపాయం కనిపెట్టింది అతనే. దాని గురించి కాస్త గర్వం కూడా ఉంది.

రేకుల కింద ఎర్రటి గుట్టలు. గుట్టల చుట్టూ ఆడవాళ్ళు ముక్కులకీ నోళ్ళకీ గుడ్డలు కట్టుకుని, చేతులకి పాత సాక్సులు తొడుక్కుని కూర్చున్నారు. వేళ్ళు ఆడుతున్నాయి గానీ ఎవరూ తలెత్తడం లేదు. గుమ్మంలో అడుగుపెట్టగానే ప్రసన్నకుమార్‌కి తుమ్ములు మొదలయ్యాయి. ఒక దాని వెంట ఒకటి ఆగకుండా వచ్చాయి. రుమాలు తీసి ముఖం తుడుచుకునేసరికి మేస్త్రీ అష్రఫ్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అమ్మా, కాసేపు ఆపండి," అని ఆడవాళ్ళ వైపు తిరిగి కేకేశాడు. "టీచరమ్మగారి హజ్బెండ్ వచ్చారు. మీ పిల్లల ట్యూషన్ సంగతి మాట్లాడాలంట."

ప్రసన్నకుమార్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మిరపఘాటుకే అనుకుందాం.

కరపత్రాలు పంచాడు. ఒకరిద్దరు తీసుకుని, మడిచి, కూర్చున్న గోనెపట్టా కిందకి తోశారు. గణితం పునాది గురించి అతను రాత్రి తయారు చేసుకున్న మాటలు మొదలుపెట్టబోతుంటే కోటేశ్వరి అనే ఆమె ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది.

"అమ్మగారి దగ్గర జాగా ఉందా సారూ? మా పిల్ల రెండోది ఈసారి బళ్ళోకి పోయింది. ఇంటికాడ పుస్తకం తియ్యమంటే ఏడుస్తది."

"మావోణ్ణి కూడా అడుగు," అంది వెనక నుంచి ఇంకొకామె. "అమ్మగారైతే కొట్టదు. కొట్టకుండానే చదివిస్తది."

"సాయంత్రం బ్యాచీ ఎన్నింటికి సారూ అమ్మగారిది?"

ఒక్కరైనా లెక్కల మాటెత్తలేదు. కరపత్రం మీద పెద్ద అక్షరాలు ఎవరికీ కనబడినట్టు లేదు. జెస్సీ తల్లి దేవకుమారి వాళ్ళలోనే ఉంది. సన్నటి మనిషి. ఎప్పుడూ మాట తక్కువ. ఆమె కూడా, "మా చిన్నోణ్ణి అమ్మగారి దగ్గర ఏద్దామనుకుంటున్నా సారూ," అంది. "మూడో తరగతికి వచ్చాడు, ఇంకా ఒత్తులు రావట్లా. ఎంత తీసుకుంటారు ఈ ఏడు?"

అప్పుడు జరిగింది అది. ముందు అనుకున్నది కాదు. కడుపులో ఎప్పటినుంచో మండుతున్నది నోట్లోకి వచ్చేసింది.

"ఏడు వందలు," అన్నాడు ప్రసన్నకుమార్.

ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అతనికి లోపల చల్లగా అనిపించింది. ఇక అమ్మో అంటారు, బాబోయ్ అంటారు, కొంగు దులుపుకుని ఇంకెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటారు. ఆ గది ఈ ఒక్క ఏడాది సగం ఖాళీ అయినా చాలు. చెప్పుల గుట్ట కాస్త తగ్గినా చాలు.

"మొన్నటిదాకా మూడేగా సారూ?"

"మొన్నటి సంగతి వేరు. ఈ ఏడాది ఏడు. నా దగ్గర పదో తరగతికి మాత్రం ఆరే. నేనేమీ పెంచలేదు," అన్నాడు. చివరి మాటని కాస్త నొక్కి పలికాడు.

కోటేశ్వరి చేతిలో కాయకి తొడిమ తుంచి గంపలో వేసింది. "పదో తరగతి కంటే ఎక్కువ తీసుకుంటందంటే అంత పని చేస్తదనేగా," అంది పక్కామెతో. "బస్టాండు కాడ ఆ సెంటరులో తొమ్మిది వందలు తీసుకుని పిల్లల్ని సెల్లు ముందు కూర్చోబెడుతున్నారు. ఈమె ఏడంటే తక్కువే. సరే సారూ, మా పిల్ల పేరు రాసుకోమనండి."

"మావోడిది కూడా."

తలా ఒక పేరు చెప్పారు. అతను తల మాత్రం ఆడించాడు. ధర ఎక్కువ చెబితే జనం బెదురుతారనుకున్నాడు గానీ, మిరపకాయల మధ్య బతికే మనుషులకి ఎక్కువ ధర పలికే సరుకంటే గురి ఎక్కువని అతనికి తట్టలేదు. దేవకుమారి సాక్సు తొడిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ ఏదో కూడుకుంటోంది.

"మరి జెస్సీ సంగతి?" అని అతనే అడిగాడు.

"ఆలోచించి చెప్తా సారూ," అంది ఆమె.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వంటింట్లోంచి ఎండుచేపల వాసన వచ్చింది. ఆదివారం కూడా కాదు. రెబ్కా పీట వేసి, కంచం పెట్టి, అన్నంలో చేపలపులుసు పోసి ఎదురుగా కూర్చుంది. పొట్టిగా, బొద్దుగా ఉండే మనిషి. పిల్లలతో అరిచి అరిచి గొంతు కొంచెం బొంగురుపోయింది. ఆమె అతని ముఖంలోకే చూస్తోంది.

"షెడ్డు నుంచి కోటేశ్వరి ఫోన్ చేసిందండీ," అంది.

అతను ఎత్తిన ముద్దని కంచంలోనే పెట్టేశాడు.

"మీరు ఏడు వందలు చెప్పారంట."

అతను నీళ్ళు తాగాడు. ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. పొరపాటున అన్నానని చెప్పవచ్చు. వాళ్ళు సరిగా వినలేదనవచ్చు. రెబ్కా కొంగుతో కళ్ళొత్తుకుంది. అప్పుడుగానీ ఆమె కోపంగా లేదని అతనికి అర్థం కాలేదు.

"పెళ్ళైన కొత్తలో మీరు నా ఇంటర్ మార్కులు చూసి నవ్వారు. గుర్తుందా?" అంది.

"ఏదో సరదాకి."

"సరదాకేలెండి. కానీ నాకు మాత్రం అది పోలేదు. నేను చేసేది చదువు చెప్పడం కాదు, పిల్లల్ని ఆడించడం అనే అనుకున్నాను ఇన్నేళ్ళూ. మీరూ అలాగే అనుకుంటున్నారనుకున్నాను." పులుసుగిన్నె దగ్గరికి లాక్కుంది. "మీ దాని కంటే వంద ఎక్కువ చెప్పారంటండీ. నలుగురిలో. మీ నోటితో."

ఆమె ఇంకొంచెం పులుసు పోసింది. అతను తల వంచుకుని తిన్నాడు. సిగ్గేసింది, నిజమే. కానీ ఆ సిగ్గు అడుగున కూడా మంట చల్లారలేదు. ఆమె అంత సంతోషపడటం చూస్తుంటే ఒళ్ళు మండింది. తను ఇంత కుళ్ళుతో అన్న మాట కూడా చివరికి ఆమెకే కలిసొచ్చింది. ఆ పైన, మంచి మొగుడని పేరొచ్చింది కదా, దాన్ని వదులుకోవడానికీ మనసొప్పలేదు.

"నీ పనికి ఆ మాత్రం విలువ ఉందిలే," అన్నాడు. అన్నాక చేపముల్లు తీసుకోవడంలో మునిగిపోయాడు.

సాయంత్రానికి రెబ్కా ఇస్త్రీ చీర కట్టుకుంది. క్రిస్మస్‌కి కొన్న నీలం చీర, మడత విప్పడం అదే మొదలు. కొత్త పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లులు వస్తున్నారు. లోపలి గదిలో చాపలు చాలక దుప్పటి పరిచింది. ప్రసన్నకుమార్ వరండాలో బల్ల ముందు కుర్చీ వేసుకుని, త్రికోణమితిలో మొదటి లెక్కకి బొమ్మ గీశాడు. ఎండలో నిలబడ్డ స్తంభం, దాని నీడ, మధ్యలో కోణం. చెయ్యి తిరిగినవాడి బొమ్మ. స్కేలు అక్కర్లేకుండా గీశాడు.

జెస్సీ వచ్చింది. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చింది. వాణ్ణి లోపలికి పంపి, జుట్టు సరిచేసి, ఏడవొద్దని చెవిలో చెప్పి వరండాలోకి వచ్చి నిలబడింది. బెంచీ మీద కూర్చోలేదు.

"కూర్చోమ్మా, మొదలుపెడదాం."

"నేను ఇంక రాను సార్," అంది. "అది చెప్పి వెళ్ళమంది అమ్మ."

ప్రసన్నకుమార్ సుద్దముక్క కింద పెట్టాడు.

"తమ్ముడికి ఏడు వందలు కదా సార్. రెండూ కట్టలేనంది. వాడికి చదవడం రావట్లేదు, నీకైతే చెప్పకపోయినా వస్తది కదా అంది."

"మరి పదో తరగతి..."

"ఇంట్లో చదువుకుంటా సార్. స్కూలు నుంచి రాగానే అమ్మతో పాటు షెడ్డులో కూర్చోవాలి. చీకటి పడేదాకా. కేజీకింతని ఇస్తారు. అది తమ్ముడి ఫీజుకి ఆసరా అవుద్దంట." ఆ పిల్ల ఇదంతా బట్టీ పట్టిన పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. కళ్ళు మాత్రం బల్ల మీద గీసిన బొమ్మని వదల్లేదు.

"నువ్వు ఫీజు ఇవ్వకు. ఊరికే రా. నేను చెబుతాగా."

"అది కూడా అడిగాను సార్. ఊరికే చెప్పించుకుంటే రేపు మీ ముందు తలెత్తుకుని నిలబడలేనంది."

ప్రసన్నకుమార్ చెప్పవలసింది చిన్న మాట. చిన్నవాళ్ళ ఫీజు మూడు వందలే, నేనే ఎక్కువ చెప్పానమ్మా, మీ అమ్మతో చెప్పు. ఈ మాట చెబితే పిల్ల ఈ పూటే బెంచీ మీద కూర్చుంటుంది. లోపల రెబ్కా ఎవరో తల్లితో మాట్లాడుతోంది. బొంగురు గొంతు వరండాలోకి స్పష్టంగా వినిపించింది.

"మా సారే పెట్టారమ్మా ఈ ఫీజు. నన్నైతే అడగనే లేదు. నేనైతే అంత అడగలేకపోయేదాన్ని."

ఆ మాట జెస్సీ కూడా విన్నది. తలతిప్పి అతని వైపు చూసింది. చూసి, సంచి భుజం మీదకి సర్దుకుంది.

రెబ్కా సంతోషం చెడగొట్టకూడదు, అనుకున్నాడు ప్రసన్నకుమార్. ఇన్నేళ్ళకి మురిసిపోతూ నీలం చీర కట్టుకుంది, ఈ ఒక్క పూటైనా ఉండనీ అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి బాగుంది. అసలు సంగతి అది కాదు. ఏడు వందలు ఎందుకన్నాడో రెబ్కాకి తెలిసిపోతుంది, దర్శిలో అందరికీ తెలిసిపోతుంది. తనది అసూయ అని పదిమందిలో బయటపడటం కంటే వరండా ఖాళీగా ఉండటమే నయమనిపించింది.

"త్రికోణమితి మాత్రం వదలకు," అన్నాడు. "రోజుకో లెక్క చేస్తూ ఉండు."

"అలాగే సార్."

జెస్సీ సంచిలో చెయ్యి పెట్టి ఒక సీసా తీసింది. "ఈ వేసవిలో పట్టించిన కారం సార్. అమ్మగారికి ఇమ్మంది అమ్మ," అని బెంచీ మీద ఒక పక్కగా పెట్టింది. మెట్లు దిగి, చెప్పుల గుట్టలో తన చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. గేటు దాటాక ఇంటి వైపు కాకుండా పొదిలి రోడ్డు వైపు తిరిగింది. స్కూలు జడలకి కట్టిన రిబ్బన్లు ఇంకా అలాగే ఉన్నాయి.

లోపల పిల్లలు ఎక్కం మొదలుపెట్టారు. అందరి గొంతుల మధ్య కొత్తవాడి గొంతు ఒకటి వెనకబడుతూ, అందుకుంటూ వినిపిస్తోంది. ప్రసన్నకుమార్ కుర్చీలోంచి లేవలేదు. రెబ్కాని పిలిచి సీసా ఇవ్వలేదు, తను లోపలికి తీసుకెళ్ళనూ లేదు.

బెంచీ మీద, పిల్ల రోజూ కూర్చునే చోట, పాత కాఫీపొడి సీసాలో కారం ఎర్రగా ఉంది. మూత బిగుసుకోక దానిపైన పాలిథిన్ ముక్క వేసి జడకి పెట్టుకునే నల్ల రబ్బరుబ్యాండు చుట్టారు.